పుట్టిన తేదీ చూస్తున్నారు సరే, బ్రేకులు ఎవరు చూడాలి?

2025 జులై 1న ఢిల్లీ పెట్రోలు బంకుల దగ్గర అంతకుముందెన్నడూ లేని హడావుడి కనిపించింది. పంపు పక్కన ట్రాఫిక్ పోలీసులు, రవాణా శాఖ సిబ్బంది. పైన నంబరు ప్లేటు చదివే కెమెరా. పదేళ్లు దాటిన డీజిల్ బండి గానీ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి గానీ వస్తే ఆ సంగతి స్పీకరులో చెప్పేస్తారు, చుక్క ఇంధనం పోయరు. రెండు మూడు రోజులకే గగ్గోలు లేచింది. కెమెరాల వ్యవస్థ కుదురుకోలేదని, పొరుగున ఉన్న నోయిడా, గురుగ్రామ్‌లలో లేని నిబంధన ఢిల్లీలో మాత్రం ఎలా పనిచేస్తుందని ఢిల్లీ ప్రభుత్వమే వాయు నాణ్యత నిర్వహణ కమిషన్‌కు లేఖ రాసింది. కమిషన్ గడువును నవంబరు 1కి జరిపింది. ఈలోగా ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు మీరిందన్న ఒక్క కారణంతో యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దంది. డిసెంబరు 17న ఆ రక్షణను బీఎస్-4, ఆపై ఉద్గార ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది.

ఈ కథ ఇప్పటిది కాదు. పదిహేనేళ్లు దాటిన బండ్లు రోడ్డెక్కరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది 2014 నవంబరులో. డీజిల్‌కు పదేళ్ల హద్దు గీసింది 2015 ఏప్రిల్‌లో. సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది 2018 అక్టోబరులో. ద్విచక్ర వాహనాలతో కలిపి ఢిల్లీలో వయసు మీరిన బండ్లు సుమారు 62 లక్షలని అధికారిక లెక్క. పదకొండేళ్లుగా కోర్టుల్లో, టీవీ చర్చల్లో, కాలనీ సంక్షేమ సంఘాల సమావేశాల్లో నలుగుతున్న ఈ వ్యవహారంలో మాటంతా వయసు చుట్టూ, పొగ చుట్టూ తిరిగింది. తొక్కితే బ్రేకు పడుతుందా, టైరులో పట్టు మిగిలి ఉందా, వెనక దీపాలు వెలుగుతున్నాయా అన్న ప్రశ్న మాత్రం చర్చలో పెద్దగా వినపడలేదు. మూడేళ్ల కారుకు టైర్లు బోడిగుండై ఉండవచ్చు. పదహారేళ్ల కారును దాని యజమాని ఏ లోపమూ రాకుండా చూసుకుంటూ ఉండవచ్చు. మొదటిదాన్ని ఆపి అడిగేవాడు లేడు, రెండోదానికి తుక్కు యార్డు దారి చూపిస్తున్నాం.

చట్టం అలా ఉంది మరి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ఇస్తారు. ఆ పదిహేనేళ్లలో దాని యంత్ర భాగాలు ఎలా ఉన్నాయో ప్రభుత్వం తరఫున ఒక్కసారీ చూడరు. ట్యాక్సీకైతే ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తరవాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఆ పరీక్ష ఎంత చిత్తశుద్ధితో జరుగుతుందన్నది వేరే సంగతి, కాగితం మీదైనా ఉంది. ఇంగ్లండ్‌లో కారుకు మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ పరీక్ష తప్పనిసరి. జర్మనీ, జపాన్‌లలో కొత్త కారుకు మొదట మూడేళ్లకు, ఆపై రెండేళ్లకోసారి. అక్కడ పొగతో పాటు బ్రేకులు, స్టీరింగు, టైర్లు, దీపాలు అన్నీ చూస్తారు. పాస్ కాకపోతే బండి రోడ్డెక్కదు.

మనకున్నది పొగ సర్టిఫికెట్ ఒక్కటి. అది లేకపోతే జరిమానా రూ.10,000 వరకు. 2025 డిసెంబరు 18 నుంచి అది చూపించకపోతే ఢిల్లీలో పెట్రోలూ పోయవద్దన్నారు. దానికిచ్చిన విలువ చూస్తే ఆ పరీక్ష ఎంతో పకడ్బందీగా ఉంటుందనుకుంటాం. పెట్రోలు కారును నిలబెట్టి, ఇంజిన్ ఖాళీగా తిరుగుతుండగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. డీజిల్‌కైతే పొగ చిక్కదనం. ఢిల్లీ ఊపిరి తీస్తున్న సూక్ష్మ ధూళి కణాలను, నైట్రోజన్ ఆక్సైడ్లను అందులో కొలవరు. కొలిచేదైనా సరిగా కొలుస్తున్నారా? 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక 2015 ఆగస్టు నుంచి 2020 ఆగస్టు వరకు రికార్డులు తిరగేసింది. హద్దు మించి పొగ వదిలినా పాస్ చేసిన పెట్రోలు, గ్యాస్ బండ్లు 1.08 లక్షలు. ఒకే కేంద్రంలో ఒకే సమయానికి ఒకటికి మించిన బండ్లను పరీక్షించినట్టు నమోదైన సందర్భాలు 7,643. ఒక్క నిమిషంలో పరీక్షా సర్టిఫికెట్టూ రెండూ ముగించినవి 76,865. ఆ నిమిషంలో గొట్టం పెట్టే వ్యవధి కూడా ఉండదు.

అంచేత ఢిల్లీలో బతికే కారు యజమాని తన బండికి తానే ఇన్‌స్పెక్టరు. ద్వారకలోనో, మయూర్ విహార్‌లోనో, నోయిడా ఎత్తైన అపార్ట్‌మెంట్లలోనో ఉంటున్న తెలుగు కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ తనిఖీకి మెకానిక్ విద్య అక్కర్లేదు. ఈ నగరం బండిని ఎక్కడ దెబ్బతీస్తుందో తెలిస్తే చాలు. ఢిల్లీ వాతావరణానికి మధ్యేమార్గం లేదు. మే నెలలో 45 డిగ్రీల పైన కాలుతుంది, జనవరి తెల్లవారుజామున 4, 5 డిగ్రీలకు పడిపోతుంది. ఈ తేడా మనిషికి దుప్పటితో తీరుతుంది. టైరుకు తీరదు.

లెక్క చూడండి. మండువేసవి మధ్యాహ్నం 45 డిగ్రీల్లో 33 పీఎస్‌ఐ గాలి కొట్టించి ఇక మరిచిపోయారనుకుందాం. ఒక్క పిసరు గాలి బయటికి పోకపోయినా, జనవరిలో 5 డిగ్రీల చలికి ఆ టైరులో ఉండేది 27. దీనికి తోడు మంచి టైరైనా నెలకు ఒక పీఎస్‌ఐ దాకా తనంతట తానే కోల్పోతుంది. అంటే మంచు దట్టంగా పట్టి, బండి చటుక్కున ఆగాల్సిన కాలానికి సరిగ్గా టైర్లు మెత్తబడి ఉంటాయి. ఇక వేసవిలో ఇంకో తంతు. ఎండకు గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టించాలని డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకొంటారు, బంకులో కుర్రాడూ అదే చెబుతాడు. ఇది తిరకాసు సలహా. గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ నలిగి సాగుతుంది. ఆ నలుగుడుకు పుట్టే వేడి బయటి ఎండ వేడి కన్నా ప్రమాదం. రబ్బరుకూ లోపలి దారాలకూ ఉన్న పట్టు వదిలి టైరు పేలేది చాలాసార్లు అందువల్లే. వ్యాకోచం ఎంత ఉంటుందో కంపెనీ ముందే లెక్క కట్టి చల్లటి టైరుకు ఎంతుండాలో చెప్పింది. ఆ అంకె బంకు గోడ మీద ఉండదు. డ్రైవరు తలుపు తెరిచి చూస్తే స్తంభం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది. అందులో తరచూ రెండు అంకెలు కనిపిస్తాయి. ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఒకటి, బండి నిండితే మరొకటి.

ఆ రెండో అంకె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఊరి నుంచి బంధువులు వస్తే తాజ్‌మహల్ చూపించక తప్పదు. ఐదుగురు పట్టే కారులో ఆరుగురు, డిక్కీలో పులిహోర డబ్బాలు, నీళ్ల క్యాన్లు, దారిలో మథుర, బృందావనం. 2012 ఆగస్టులో తెరిచిన యమునా ఎక్స్‌ప్రెస్‌వే గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా 165 కిలోమీటర్లు తిన్నగా సాగే కాంక్రీటు రోడ్డు. కాలు యాక్సిలరేటర్ మీద మరిచిపోయే రోడ్డు. అక్కడ టైర్లు పేలిన ప్రమాదాలు జరిగినప్పుడల్లా కాంక్రీటే కారణమనే మాట వినిపిస్తుంది. రోడ్డు మీదకు నేరం తోసేయడం తేలిక. నిండా బరువు, వారం రోజుల ట్రాఫిక్‌లో నలిగి గాలి తగ్గిన టైర్లు, గంటన్నర ఆగకుండా వేగం, మే నెల ఎండ, ఈ నాలుగూ కలిస్తే తారు రోడ్డు మీదైనా అదే జరుగుతుంది. బయల్దేరే రోజు పొద్దున, బండి ఇంకా చల్లగా ఉన్నప్పుడు, ఇంటికి దగ్గర్లోని బంకులో ఆ రెండో అంకె ప్రకారం గాలి కొట్టించండి. స్టెప్నీ టైరునూ చూపించండి. దానిలో గాలి ఉందో లేదో చాలామందికి తెలిసేది అవసరం పడ్డ రోజే. నైట్రోజన్ కొట్టించాలా అని అడిగేవారు ఉన్నారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉంది. మిగతా 22 శాతం కోసం డబ్బులు పెట్టడమా మానడమా అన్నది మీ ఇష్టం, నెలకోసారి కొలిపించడం మాత్రం మానకూడదు.

టైరు వయసును దాని పక్కగోడే చెబుతుంది. అక్కడి కోడ్ చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఢిల్లీలో ఎండలో నిలబడే కారు టైరు, గాళ్లు బాగానే ఉన్నా ఐదారేళ్లకు గట్టిపడి పగుళ్లిస్తుంది. తక్కువ తిరిగే కార్లకు ఇదే ముప్పు. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదన్నది నిబంధన. గాళ్ల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే టైరు పని అయిపోయింది. అంతదాకా ఆగకుండా వానాకాలం ముందే మార్చడం వివేకం.

మంచు సంగతికి వద్దాం. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా కార్ల గరిష్ఠ వేగాన్ని గంటకు 100 కిలోమీటర్ల నుంచి 75కు తగ్గిస్తారు. 2025లో అలా తగ్గించిన మర్నాడే, డిసెంబరు 16 తెల్లవారుజామున, మథుర జిల్లాలో దట్టమైన మంచులో బస్సులూ కార్లూ ఒకదాని వెనక ఒకటి గుద్దుకుని మంటలు లేచాయి. పదిమందికి పైగా చనిపోయారు. ఇక్కడ అంకెలు కొంచెం ఓపికగా చూడాలి. 75 వేగంలో బండి సెకనుకు దాదాపు 21 మీటర్లు పోతుంది. ముందున్నది కంటికి కనబడి కాలు బ్రేకు మీద పడటానికి ఒకటిన్నర సెకను అనుకుంటే ఆలోపే 31 మీటర్లు దాటిపోతాం. మంచి టైర్లు, పొడి రోడ్డు అయితే ఆగడానికి ఇంకో 31. మొత్తం 62 మీటర్లు. మంచుకు రోడ్డు తడిసి ఉంటే 74 దాకా పోతుంది. కంటికి ఆనేది 50 మీటర్లే అయినప్పుడు, బోర్డు మీద రాసిన వేగంతో పోయినా గుద్దుకోవడం ఖాయం. 50 వేగంతో పోతే తడి రోడ్డు మీదా సుమారు 40 మీటర్లలో ఆగుతాం. చలానా పడకుండా కాపాడే వేగం వేరు, మనిషిని కాపాడే వేగం వేరు.

మంచులో హై బీమ్ వేస్తే వెలుగంతా నీటి తుంపరల మీద పడి మన కళ్లకే తిరిగి కొడుతుంది. లో బీమ్, ఉంటే కింది ఫాగ్ దీపాలు వేసుకోవాలి. నాలుగు ఇండికేటర్లూ మినుకుమనిపిస్తూ పోవడం ఉత్తరాదిన జబ్బులా పాకింది. దాంతో వెనకవాడికి మనం కదులుతున్నామో ఆగామో తెలియదు, మలుపు తీసుకుంటే ఇండికేటరూ కనబడదు. ఆ నాలుగు దీపాలు ఆగిపోయిన బండి కోసం. చలికాలంలో ఏసీ ఎందుకని కట్టేసి, లోపలి ఊపిరికి అద్దం మసకబారితే గుడ్డతో తుడుస్తూ నడిపేవాళ్లు ఎందరో. హీటరుతో పాటు ఏసీ కూడా వేసి గాలిని అద్దం మీదకు మళ్లిస్తే, ఏసీ తేమను లాగేసి నిమిషంలో అద్దం తేటపడుతుంది. బయల్దేరే ముందు ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు తొక్కి, దీపాలన్నీ వెలుగుతున్నాయేమో చూడమనాలి. కాలిపోయిన బ్రేకు బల్బు ఖరీదు చాయ్ బిస్కెట్ల ఖర్చును మించదు. ఎండకు పసుపెక్కి మబ్బుపట్టిన హెడ్‌లైటు కవరును పాలిష్ పట్టిస్తే వెలుగు ఎంత తేడాగా పడుతుందో ఆ రాత్రే తెలుస్తుంది.

జూన్ ఆఖరుకు ఢిల్లీకి ఇంకో గండం. 2024 జూన్ 28న సఫ్దర్‌జంగ్‌లో 24 గంటల్లో 228.1 మిల్లీమీటర్ల వాన పడింది, ఆ నెలలో 1936 తరవాత అంత వాన లేదు. అండర్‌పాస్‌లలో నీళ్లు నిలవడానికి ఈ నగరంలో అంత పెద్ద వాన అక్కర్లేదు కూడా. కన్నాట్ ప్లేస్ పక్కన మింటో బ్రిడ్జి కింద 2020 జులై 19న చిన్న ట్రక్కు నడిపే మనిషి మునిగి చనిపోయాడు. 2024 సెప్టెంబరు 13 రాత్రి ఫరీదాబాద్ రైల్వే అండర్‌పాస్‌లో నీళ్లలోకి దిగిన ఎస్‌యూవీలో ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. ఎత్తైన బండి కదా పోతుందిలే అన్న ధీమా ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి ఇంకో ఉదాహరణ వెతకనక్కర్లేదు. నీళ్లు టైరులో సగం దాటి ఉన్నాయనిపిస్తే వెనక్కి తిప్పడమే. లోతు తెలియకపోతే దిగనే దిగొద్దు.

దిగాక ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టవద్దు. గాలి గొట్టం గుండా సిలిండరులోకి పోయిన నీళ్లు గాలిలా నలగవు, పిస్టను కింద ఉండే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఒక్క సెల్ఫ్‌తో ఇంజిన్ లక్షల్లో పడుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు పాలసీ తీసుకోనివాళ్లకు ఆ నష్టాన్ని బీమా కంపెనీలు సాధారణంగా తోసిపుచ్చుతాయి. అయినా డబ్బు తరవాతి మాట. నీరు తలుపు దాకా వస్తుంటే చేయాల్సిన మొదటి పని బెల్టు విప్పి, కిటికీ అద్దం దించడం. కరెంటు పోకముందే దించాలి, తరవాత బటన్ పనిచేస్తుందన్న హామీ లేదు. తలుపు తెరుచుకోవాలని తంటాలు పడితే సమయం పోతుంది, బయటి నీటి బరువు దాన్ని నొక్కి పట్టి ఉంచుతుంది. ముందు అద్దం పొరలు అతికించినది, ఎంత కొట్టినా పగుళ్లిచ్చి అక్కడే నిలుస్తుంది. పక్క అద్దం మూలన గట్టి మొనతో కొడితే పొడిపొడి అవుతుంది. రెండు మూడొందలకు దొరికే చిన్న సుత్తి అందుకే. చాలామంది కొంటారు, కొని డిక్కీలో పెడతారు. డ్రైవరు చేతికి అందేచోట ఉంటేనే అది పనిముట్టు.

కాశ్మీరీ గేట్ విడిభాగాల బజారు గురించి ఒక మాట. ఉత్తరాదిలో ఏ బండికి ఏ సామాను దొరకాలన్నా అక్కడికే పోతారు. అసలుదీ ఉంటుంది, అచ్చం అసలు పెట్టెలో పెట్టిన నకిలీదీ ఉంటుంది. డోర్ హ్యాండిలో, మ్యాట్లో, అద్దం కవరో అయితే ఏదైనా ఫర్వాలేదు. బ్రేకు ప్యాడ్లు, ఆయిల్ ఫిల్టరు, స్టీరింగు కీళ్ల దగ్గర మాత్రం బిల్లు లేని సరుకు వద్దు. పెద్ద షోరూము సర్వీసు సెంటర్లు కూడా తక్కువవేం కాదు. ఇంజిన్ ఫ్లష్, యాంటీ రస్ట్ కోటింగ్, ఇంటీరియర్ డిటెయిలింగ్ అంటూ బిల్లు చాంతాడంత తెస్తారు. ఆ చాంతాడులో బ్రేకు ఆయిల్ మార్పు ఉందేమో వెతకండి. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిల్ బ్రేకుల వేడికి మరిగి బుడగలు కడితే పెడల్ దూదిలా లోపలికి పోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, ముస్సూరీ నుంచి దిగేటప్పుడు, ఇది జరుగుతుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్చాలి. ఐదేళ్లుగా ఒకే ఆయిల్‌తో తిరుగుతున్న కార్లు ప్రతి అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనూ ఉంటాయి.

బండి తక్కువ తిరిగింది కదా, సర్వీసు ఎందుకనేది ఢిల్లీ ఉద్యోగుల మరో భ్రమ. ఆఫీసుకు మెట్రోలో పోయి, కారును కూరగాయలకూ పిల్లల ట్యూషన్‌కూ తీసేవాళ్ల మీటరు ఏడాదికి నాలుగు వేలు కూడా దాటదు. నిజానికి ఇంజిన్‌కు కష్టమైన బతుకు ఇదే. పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తారు, ఆయిల్‌లో తేమ, పెట్రోలు ఆవిరి చేరి పలచబడుతుంది. ఆశ్రమ్ చౌక్ దగ్గర ముప్పావుగంట నిలబడ్డ ఇంజిన్ కిలోమీటర్ల మీటరుకు కనబడని పని చేస్తుంది. కారుతో ఇచ్చే పుస్తకంలో దుమ్ము, ట్రాఫిక్, చిన్న ప్రయాణాలను కఠిన పరిస్థితులుగా లెక్కించి సర్వీసు గడువు తగ్గించమని ఉంటుంది. ఢిల్లీకి అవన్నీ వర్తిస్తాయి. కిలోమీటర్లు, నెలలు, ఏది ముందైతే దానికి ఆయిల్ మార్చాలి. బీఎస్-6 డీజిల్ కారుకైతే పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా పరుగెత్తి వేడెక్కాలి. కాలనీ దాటని డీజిల్ కారులో అది మూసుకుపోతుంది. డ్యాష్‌బోర్డు మీద దాని దీపం వెలిగితే పట్టించుకోకుండా తిరగడం కన్నా ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఇరవై నిమిషాలు నిలకడగా నడపడం చవక. నెలకు మూడొందల కిలోమీటర్లు తిరగనివాళ్లకు అసలు డీజిల్ కారు దేనికో, పదేళ్ల హద్దు ఉన్న నగరంలో మరీ దేనికో, షోరూములో ఎవరూ చెప్పరు. బ్యాటరీకి మూడు నాలుగేళ్లు దాటితే నవంబరులోనే పరీక్ష చేయించాలి. మే, జూన్ ఎండల్లో లోపల దెబ్బతిన్న బ్యాటరీ జనవరి చలిలో మొండికేస్తుంది.

బండి ఎంత బాగున్నా లోపలి మనిషి కట్టుబడి లేకపోతే లాభం లేదు. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర వంతెన గోడను గుద్దింది. చనిపోయిన ఇద్దరూ వెనక సీటులో బెల్టు లేకుండా ఉన్నవాళ్లు. ముందున్న ఇద్దరూ బతికారు. పది రోజులకు ఢిల్లీ పోలీసులు బారాఖంబా రోడ్డులో వెనక సీటు బెల్టుకు వెయ్యి రూపాయల చలానాలు రాయడం మొదలుపెట్టారు. ఆ ఉత్సాహం కొన్ని వారాలు నిలిచింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మందని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది ప్రయాణికులు. సరిసగం అన్నమాట. బెల్టు పెట్టుకోకపోతే మోగే బీప్‌ను నోరు నొక్కడానికి ఉత్త క్లిప్పులు అమ్మేవారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశిస్తే ఐదు పెద్ద ఆన్‌లైన్ అంగళ్ల నుంచి 13,118 ప్రకటనలు తీసేయాల్సి వచ్చింది. ప్రాణం మీదకు తెచ్చుకోవడానికీ ఇంత గిరాకీ!

మన ఇళ్లలో ఇంకొకటి చూడాలి. ముందు సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అని చెక్కిన మూత ఉంటుంది. సరిగ్గా దాని మీదే వేంకటేశ్వరస్వామి విగ్రహం అతికిస్తారు. గుద్దుకున్నప్పుడు ఆ మూత రెప్పపాటు కన్నా వేగంగా పగిలి లేస్తుంది, విగ్రహం సూటిగా ముఖానికి తగులుతుంది. స్వామిని మధ్యలో, స్టీరియో పైన కూర్చోబెడితే పూజకు లోటు రాదు. చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చోవడమూ అలాంటిదే. బ్యాగు విచ్చుకుంటే బిడ్డ దానికీ తల్లికీ మధ్య నలుగుతుంది. పిల్లలు వెనక సీటులో, తమ వయసుకు తగ్గ సీటులో ఉండాలి.

ఇదంతా ఢిల్లీ గొడవ, మనకెందుకని హైదరాబాద్, విజయవాడ పాఠకులు అనుకోనక్కర్లేదు. పదేళ్ల హద్దు దగ్గరపడ్డ డీజిల్ కార్లు ఢిల్లీలో కారుచవకగా దొరుకుతాయి. నిరభ్యంతర పత్రంతో అవి దక్షిణాదికి తరలివస్తాయి. హైదరాబాద్‌లో ఢిల్లీ కార్ల పేరుతోనే వ్యాపారం నడుస్తోంది, ముఖ్యంగా ఖరీదైన బండ్లది. వయసు నిబంధన బండిని తుక్కు చేస్తుందని చెప్పారు గానీ అది ఎక్కువగా చేసింది చిరునామా మార్చడం. అక్కడ పనికిరాదన్న బండి ఇక్కడ మరో ఐదారేళ్లు తిరుగుతుంది. అందులో మంచివి లేవనను. కానీ 2023 జులై 13న యమున 208.66 మీటర్ల రికార్డు ఎత్తుకు చేరి కాశ్మీరీ గేట్, సివిల్ లైన్స్ మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. అవి ఏమయ్యాయి, ఎక్కడికి పోయాయి? కొనేవాళ్లు మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో చూసి మురిసిపోతారు, అది వెనక్కి తిప్పగల అంకె. సర్వీసు బిల్లులన్నీ అడగండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మునిగిన బండి అయితే మామూలుగా బయటికి రాని ఆఖరి మూర దగ్గర బురద గీత ఉంటుంది. స్టెప్నీ కింద గుంటలో ఒండ్రు, సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉన్నాయేమో చూడండి.

ఇక ప్రభుత్వాలు చేయాల్సింది. పరాయి రాష్ట్రం బండి వస్తే మన రవాణా కార్యాలయాలు జీవితకాల పన్ను లెక్క కట్టడంలో చూపే శ్రద్ధలో పదో వంతు బ్రేకుల మీద చూపవు. వాణిజ్య వాహనాల కోసం ఆటోమేటిక్ పరీక్షా కేంద్రాలు కడుతున్నారు. బ్రేకుల పట్టునూ దీపాల గురినీ మనిషి చేయి పడకుండా కొలిచే యంత్రాలు అక్కడ ఉంటాయి. రాష్ట్రం మారిన ప్రతి కారునూ, ఐదేళ్లు నిండిన ప్రతి సొంత కారునూ ఆ యంత్రాల మీదకు ఎక్కించాలి. పాసైతే దాని వయసెంతైనా తిరగనివ్వాలి, తప్పితే ఎంత కొత్తదైనా ఆపాలి. ఫలితం కాగితాన్ని పొగ సర్టిఫికెట్టులా బండిలో పడేయకుండా, నంబరు కొడితే కొనేవాడికి కనబడేలా ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో పెట్టాలి. పోర్టల్ ఇప్పటికే ఉంది, యంత్రాలు వస్తున్నాయి, నియమం ఒక్కటే రాయాలి.